జ్వరానికి పేరు తేల్చేదెవరు? నెల్లూరు, ఒంగోలు వైరస్ ల్యాబుల వెనుక కథ

ఆంధ్రప్రదేశ్‌లో తొలి కరోనా కేసు బయటపడింది నెల్లూరులోనే, 2020 మార్చి 12న. ఇటలీ నుంచి వచ్చిన విద్యార్థికి వైరస్ సోకినట్టు తేలింది. ఆ సంగతి తేల్చగల ల్యాబ్ మాత్రం అప్పటికి నెల్లూరులోనూ లేదు, ఒంగోలులోనూ లేదు. శాంపిల్ జిల్లా దాటి వెళ్లాల్సిందే, రిపోర్టు వచ్చేదాకా టెన్షన్ పడాల్సిందే.

ఈ పరిస్థితి ఆ ఏడాది పుట్టింది కాదు. వైరస్‌లను పట్టే పెద్ద కేంద్రాలన్నీ మొదట్నుంచీ మన జిల్లాల బయటే వచ్చాయి. మద్రాసులోని గిండీలో మశూచి టీకా మందు కోసం కింగ్ ఇన్‌స్టిట్యూట్ 1899లో మొదలైంది. 1952లో రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ సాయంతో పుణేలో వైరస్ పరిశోధన కేంద్రం వచ్చింది. ఇప్పటి నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ వైరాలజీ అదే. 1955లో మన దేశంలో జపనీస్ మెదడువాపును మొదట గుర్తించింది వెల్లూరు ప్రాంతంలో. 1986లో చెన్నైలో తీసిన రక్తం శాంపిళ్లలో హెచ్‌ఐవీ ఉందని తొలిసారి తేలింది కూడా వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీ (సీఎంసీ) ల్యాబులోనే. పెద్ద జబ్బు చేస్తే చెన్నైకో వెల్లూరుకో రైలెక్కడం మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల వాళ్లకు అలవాటు. రోగి వెళ్లిన దారినే శాంపిలూ వెళ్లేది.

దూరం ఒక్కటే కాదు, పరీక్షకు పట్టే కాలమూ పెద్ద సమస్యే. వైరస్ మామూలు మైక్రోస్కోపుకు కనబడదు. బతికున్న కణాల్లో తప్ప పెరగదు. అందుకే పాతరోజుల్లో పొదిగిన కోడిగుడ్లలోకో, అప్పుడే పుట్టిన ఎలుకపిల్లల మెదడులోకో ఎక్కించి పెంచేవాళ్లు. లేదంటే జ్వరం మొదట్లో ఒకసారి, రెండు వారాలయ్యాక మరోసారి రక్తం తీసి, వైరస్‌తో పోరాడటానికి ఒళ్లు తయారుచేసుకునే యాంటీబాడీలు నాలుగు రెట్లు పెరిగాయేమో చూసేవాళ్లు. ఆ రిపోర్టు చేతికొచ్చేసరికి రోగి లేచి పనికి వెళ్తూ ఉండేవాడు, లేదా కన్నుమూసి ఉండేవాడు. చరిత్ర రాసుకోవడానికి పనికొచ్చే పరీక్ష అది, మంచం మీదున్న మనిషికి కాదు.

1971లో రక్తంలో యాంటీబాడీలనో వైరస్ ప్రోటీన్లనో పట్టే ఎలైసా, 1983లో వైరస్ జన్యుపదార్థాన్ని పెంచి పట్టే పీసీఆర్ వచ్చి ఆ వారాలను గంటల్లోకి తెచ్చాయి. అయినా అవి జిల్లాకు చేరడానికి దశాబ్దాలు పట్టింది. 2003లో ఉమ్మడి రాష్ట్రంలో 183 మంది పిల్లలు మెదడువాపుతో చనిపోతే, కారణం చాందీపుర అనే వైరస్ అని చెప్పింది పుణే కేంద్రమే. 2005-06లో కీళ్లు పట్టేసిన చికున్‌గున్యా అప్పుడూ నిర్ధారణకు పుణే వైపే చూడాల్సి వచ్చింది.

కరోనాతో ఈ లెక్క మారింది. మొదట క్షయ కోసం వాడే ట్రూనాట్ అనే చిన్న పరీక్ష మిషన్లను కరోనా పరీక్షలకు వాడారు. ఆ తర్వాత నెల్లూరు ఏసీఎస్సార్ ప్రభుత్వ వైద్య కళాశాలలోనూ, ఒంగోలు వైద్య కళాశాలలోనూ ఆర్‌టీపీసీఆర్ (కరోనా లాంటి వైరస్‌లను పట్టే పీసీఆర్ రకం పరీక్ష) మొదలైంది. గొంతులోంచి శాంపిల్ తీసిన స్వాబ్‌ను (దూది చుట్టిన పుల్లను) లేత గులాబీ రంగు ద్రవం ఉన్న గొట్టంలో ముంచి, పుల్ల విరిచి, మూత బిగించి, ఐస్ ప్యాకులున్న పెట్టెలో 2 నుంచి 8 డిగ్రీల మధ్య పంపాలి. దారిలో ఆ చల్లదనం పోతే ఎంత ఖరీదైన మిషన్ అయినా ఉన్న వైరస్‌ను లేదనొచ్చు.

ల్యాబ్ దగ్గరకొచ్చినా, ఎప్పుడు ఏ పరీక్ష అన్నది తెలియక జరిగే నష్టం ఇంకా అలాగే ఉంది. డెంగీనే తీసుకోండి. రక్తంలో డెంగీ వైరస్ ప్రోటీన్‌ను పట్టే ఎన్‌ఎస్‌1 పరీక్ష జ్వరం వచ్చిన మొదటి ఐదు రోజుల్లోనే బాగా పట్టిస్తుంది. ఆ తర్వాత యాంటీబాడీలను చూసే ఐజీఎం ఎలైసా చేయాలి. మన దగ్గర ఎక్కువమంది ముందు ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర రెండు ఇంజెక్షన్లు వేయించుకుని, తగ్గకపోతే ఆరో రోజు టౌనుకొస్తారు. అప్పుడు ఎన్‌ఎస్‌1 మాత్రమే చేయించి, నెగెటివ్ రాగానే ‘డెంగీ లేదంట’ అని ఇంటికెళ్లిపోతారు. ప్రమాదకరమైన రోజులు సరిగ్గా అవే, జ్వరం తగ్గుముఖం పట్టే సమయం. కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం కనబడితే రిపోర్టు ఎలా ఉన్నా ఆసుపత్రికి పరుగెత్తాలి.

కరోనా రోజుల్లో కష్టపడి తెచ్చుకున్న ల్యాబులను డెంగీకి, చికున్‌గున్యాకు, మెదడువాపుకు ఏడాది పొడవునా వాడుకోవాలి. కిట్లు అయిపోకూడదు, టెక్నీషియన్లను ఊడబెరకకూడదు. ఉదయగిరి లాంటి మెట్ట ప్రాంతాల ఆరోగ్య కేంద్రాల నుంచి ఐస్ పెట్టె రోజూ బయల్దేరాలి. శాంపిల్‌తో పంపే ఫారంలో జ్వరం ఏ రోజు మొదలైందో తప్పకుండా రాయాలి. ఆ తేదీ లేకపోతే ల్యాబ్‌లో ఉన్నవాళ్లకు ఏ పరీక్ష చేయాలో తెలియదు.