ఇంటి చదువు పిల్లలకు బడి జట్టులో చోటు: టెక్సాస్ పేచీ ఎక్కడ మొదలైంది?

టెక్సాస్‌లో స్కూళ్లు తెరిచే ఆగస్టు నెలలో, ఒక్కో స్కూలు జిల్లాను (ఒకే పాలన కింద ఉండే స్కూళ్ల సముదాయాన్ని) నడిపే బోర్డు సభ్యులు ఇప్పుడొక ప్రశ్నకు జవాబు చెప్పాల్సి వస్తోంది. ఇంటి దగ్గరే చదువుకునే పిల్లలను స్కూలు జట్లలో ఆడనివ్వాలా, వద్దా? 2025లో వచ్చిన చట్టం పాత పద్ధతిని తిరగేసింది. అంతకుముందు బోర్డు ఒప్పుకుని తీర్మానం చేస్తేనే ఆ పిల్లలకు అవకాశం ఉండేది. ఇప్పుడు అవకాశం దానంతటదే ఉంటుంది. వద్దనుకున్న బోర్డు ఏటా సెప్టెంబరు 1 లోపు ఓటు వేసి ఆ మాట చెప్పాలి. అలా వద్దన్నచోట పిల్లలు, ఒప్పుకున్న దగ్గరి స్కూలు జిల్లా తరఫున ఆడుకోవచ్చు. కాదనడానికి ఓటు కావాలనేసరికి, ఇన్నాళ్లూ ఈ విషయం ఎత్తకుండా నెట్టుకొచ్చిన బోర్డులు కూడా నోరు విప్పాల్సి వచ్చింది. పాత పేచీ మళ్లీ రాజుకుంది.

ఈ విషయం వచ్చినప్పుడల్లా అందరూ టిమ్ టీబో దగ్గర మొదలుపెడతారు. ఆ కథ చాలామందికి తెలిసిందే కనుక రెండు మాటల్లో చెబుతాను. తల్లి ఇంట్లోనే చదువు చెప్పిన ఫ్లోరిడా కుర్రాడు, 1996 నాటి ఆ రాష్ట్ర చట్టం పుణ్యమా అని ప్రభుత్వ హైస్కూలు జట్టులో ఆడాడు. 2007లో కాలేజీ ఫుట్‌బాల్‌లో (అమెరికన్ ఫుట్‌బాల్) అత్యున్నతమైన హైస్మన్ ట్రోఫీ గెలిచాడు. అప్పటి నుంచి ఏ రాష్ట్రంలో ఇలాంటి బిల్లు పెట్టినా ‘టీబో బిల్లు’ అనే పిలుస్తున్నారు. పేరు ఆకర్షణీయంగానే ఉంది. దానివల్ల జరిగిన నష్టం కూడా ఉంది. ఒక ప్రతిభావంతుడిని ఆడనివ్వాలా వద్దా అన్నట్టుగా చర్చ మారిపోయింది. టెక్సాస్ తగువు మాత్రం ప్రతిభ గురించి కాదు, మార్కుల గురించి. అది అర్థం కావాలంటే టీబో పుట్టకముందుకు, 1984కు వెళ్లాలి.

1983లో గవర్నర్ మార్క్ వైట్ రాష్ట్రంలోని చదువుల తీరును పరిశీలించమని ఒక కమిటీ వేసి, డాలస్ వ్యాపారవేత్త రాస్ పెరోను దానికి అధ్యక్షుడిని చేశారు. ఆటపాటల మోజులో అసలు చదువు వెనకబడుతోందని పెరో కుండబద్దలు కొట్టారు. ఫుట్‌బాల్‌ను పండుగలా చేసుకునే రాష్ట్రంలో ఆ మాట అనడానికే ధైర్యం కావాలి. మరుసటి ఏడాది శాసనసభ ప్రత్యేక సమావేశం పెట్టి విద్యా సంస్కరణల చట్టం చేసింది. ‘పాస్ కాకపోతే ఆట లేదు’ అన్న నియమం అందులోనిదే. ఏ ఒక్క సబ్జెక్టులో 70కి తగ్గినా ఆరు వారాలు పోటీలకు దూరం. ఫుట్‌బాల్ సీజన్‌లో ఆరు వారాలంటే సగానికి పైనే.

తల్లిదండ్రులు కోర్టుకెక్కారు. 1985లో స్టేమోస్ కేసులో టెక్సాస్ సుప్రీంకోర్టు నియమాన్ని సమర్థించింది. స్కూలు జట్టులో ఆడటం రాజ్యాంగం ఇచ్చిన హక్కు కాదని తేల్చింది. కోచ్‌లు మండిపడ్డారు. 1986 ఎన్నికల్లో వైట్ ఓడిపోవడానికి చెప్పుకునే కారణాల్లో ఇదీ ఒకటి. గవర్నర్ పోయినా నియమం నిలిచింది. 1995లో ఆరు వారాల శిక్షను మూడు వారాలకు తగ్గించారు తప్ప ఎవరూ దాన్ని ఎత్తివేయలేదు.

దాని కింద పిల్లలు ఎలా బతుకుతారో బయటివారికి తెలియదు. సస్పెన్షన్‌లో ఉన్న పిల్లవాడు ప్రాక్టీసుకు రావచ్చు, పోటీకి దిగకూడదు. అంటే ఆల్జీబ్రాలో 68 వచ్చిన కుర్రాడు సోమవారం నుంచి గురువారం వరకు జట్టుతో పాటే ఎండలో పరుగెత్తుతాడు, దెబ్బలు తింటాడు. శుక్రవారం రాత్రి దీపాల వెలుగులో ఊరంతా చేరినప్పుడు మాత్రం ఆడడు. ఎందుకు ఆడటం లేదో ఊరందరికీ తెలుసు. ఆ మార్కు వేసింది అతని తల్లి కాదు, టీచరు. కోచ్ వెళ్లి బతిమాలినా కలపకూడని రెండు మార్కులవి. నలభై ఏళ్లుగా టెక్సాస్ ప్రభుత్వ బడి పిల్లలు ఈ నియమంతోనే పెరిగారు, దాని విలువా బరువూ రెండూ వాళ్లకు తెలుసు.

సరిగ్గా అవే రోజుల్లో మరో కథ నడుస్తోంది. ఇంటి చదువు ప్రైవేటు స్కూలు కిందకు రాదని టెక్సాస్ విద్యా శాఖ 1981 నుంచి పట్టుపట్టింది. అలా అయితే పిల్లల్ని ఇంట్లో చదివించేవారంతా నిర్బంధ హాజరు చట్టాన్ని ఉల్లంఘించినట్టే. కొన్ని జిల్లాలు తల్లిదండ్రుల మీద కేసులు పెట్టాయి. 1985లో కొన్ని కుటుంబాలు కలిసి ఆర్లింగ్టన్ స్కూలు జిల్లా మీదా, ఇతర జిల్లాల మీదా ఎదురు దావా వేశాయి. ‘లీపర్ కేసు’ అంటే ఇదే. 1987లో కింది కోర్టులో గెలిచారు. 1994లో రాష్ట్ర సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా ఆ తీర్పునే ఖాయం చేసింది.

కోర్టు వాదన పాతకాలపు వాస్తవం మీద నిలబడింది. నిర్బంధ హాజరు చట్టం 1915 నాటిది. అందులో ప్రైవేటు బడికి వెళ్లే పిల్లలకు మినహాయింపు ఉంది. ఆ రోజుల్లో ఇంట్లో చదువు చెప్పించుకోవడం మామూలే, దాన్నీ ప్రైవేటు బడి కిందే చూసేవారు. కనుక ఇంటి చదువు కూడా ప్రైవేటు స్కూలే అని కోర్టు తేల్చింది. షరతులు చాలా తక్కువ: చదవడం, స్పెల్లింగు, వ్యాకరణం, గణితం, మంచి పౌరసత్వం అనే అయిదు విషయాలకు పుస్తకాలో మరో పాఠ్య సామగ్రో ఉండాలి, చదువు నిజంగా సాగుతుండాలి. ప్రభుత్వానికి పేరు నమోదు చేయించనక్కరలేదు. ఏటా పరీక్ష రాయించనక్కరలేదు. మార్కులు చూపనక్కరలేదు. అమెరికా మొత్తం మీద ఇంటి చదువుకు ఇంత స్వేచ్ఛ ఉన్న రాష్ట్రాలు కొన్నే.

నేటి పేచీ అంతటికీ మూలం ఈ తీర్పే అని నేను నమ్ముతాను. ఆ కుటుంబాలు తమది ప్రైవేటు స్కూలని నిరూపించుకుని గెలిచాయి. టెక్సాస్‌లో స్కూలు పోటీలు నడిపే యూఐఎల్ (యూనివర్సిటీ ఇంటర్‌స్కాలస్టిక్ లీగ్) ప్రభుత్వ స్కూళ్ల సంస్థ. 1910లో టెక్సాస్ విశ్వవిద్యాలయం ఆధ్వర్యంలో వక్తృత్వ పోటీలతో మొదలై రాష్ట్రమంతా పాకింది. ప్రైవేటు స్కూళ్లకు అందులో చోటు లేదు. డాలస్, హ్యూస్టన్‌లలోని రెండు జెసూట్ (క్యాథలిక్ ప్రైవేటు) స్కూళ్లను చేర్చుకోవడమే పెద్ద వార్త అయింది. శాన్ ఆంటోనియోలోని ఒక క్రైస్తవ పాఠశాల ఫెడరల్ కోర్టుదాకా వెళ్లి 2009లో ఓడిపోయింది. అంటే ఇంటి చదువు పిల్లలకు లీపర్ తీర్పు ఇంట్లో స్వేచ్ఛ ఇచ్చింది, మైదానానికి మాత్రం దూరం చేసింది. వాళ్లు అడిగిందే కోర్టు ఇచ్చింది కూడా.

చాలా కుటుంబాలు దీన్ని ఫిర్యాదు లేకుండా ఒప్పుకున్నాయి. సొంత లీగులు పెట్టుకున్నాయి, సొంత జట్లు కట్టుకున్నాయి. ఆరుగురితో ఆడే ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్, డిబేటు అన్నీ వాళ్లలో వాళ్లే నడుపుకున్నారు. ఈ రోజు కూడా ఆ వర్గంలో కొందరు యూఐఎల్ గుమ్మం తొక్కవద్దనే అంటారు. ఆటలు ఇచ్చినట్టే ఇచ్చి ప్రభుత్వం రేపు ఇంటి చదువులో వేలు పెడుతుందని వాళ్ల భయం. టీబో బిల్లుల మీద వచ్చే వార్తల్లో వీళ్ల గొంతు అరుదుగా వినిపిస్తుంది.

లీపర్ తీర్పు వచ్చిన ఇరవై ఏడేళ్లకు, 2021లో, శాసనసభ ఆ తలుపు కాస్త తెరిచింది. గవర్నర్ గ్రెగ్ అబాట్ సంతకం చేసిన చట్టం ప్రకారం బోర్డు ఒప్పుకున్న జిల్లాలో ఇంటి చదువు పిల్లలు తమ ఇంటి పరిధిలోని స్కూలు తరఫున ఆడవచ్చు. మరి మార్కుల సంగతి? చట్టంలో అసలు ముడి ఇక్కడే పడింది. అయోవా, స్టాన్‌ఫర్డ్ వంటి జాతీయ స్థాయి పరీక్షల్లో ఏదో ఒకటి రాసి సగటు, ఆపైన స్కోరు తెచ్చుకోవాలి. ఆ స్కోరు ఆ ఏడాదికీ, వచ్చే ఏడాదికీ చెల్లుతుంది. ఆ తర్వాత నిర్ణీత గడువుల్లో పిల్లవాడు అన్ని సబ్జెక్టుల్లో పాసవుతున్నాడని రాసి ఇవ్వాల్సింది తల్లిదండ్రులే.

కోచ్‌ల అభ్యంతరం ఇక్కడి నుంచే వస్తుంది, అది అసూయతో వచ్చినది కాదు. ఒకే జట్టులో ఇద్దరు కుర్రాళ్లు. ఒకరికి ఆరు సబ్జెక్టులకు ఆరుగురు టీచర్లు మార్కులు వేస్తారు, ఒక్కదానిలో 70కి తగ్గితే బెంచీ మీద కూర్చోవాలి. రెండోవాడికి మార్కులు వేసేదీ, ఆ మార్కులు నిజమని సంతకం చేసేదీ, శుక్రవారం స్టాండ్‌లో కూర్చుని అతని కోసం చప్పట్లు కొట్టేదీ ఒకరే. ఆ తల్లి నిజాయితీని ఎవరూ శంకించనక్కరలేదు. సొంత బిడ్డ ఆట ఆగిపోయేలా మార్కు వేయాల్సిన పరిస్థితిలో ఏ తల్లినైనా నిలబెట్టడమే అన్యాయం. ఇంకొకటి కూడా ఉంది. జట్టులో స్థానాలు లెక్కగా ఉంటాయి. కొత్తగా ఒకరు వస్తే, నాలుగేళ్లుగా ఆ స్కూల్లోనే చదువుతూ ఆ హాళ్లలోనే తిరిగిన ఒకరు వెనక్కి వెళతారు. ఆ పిల్లవాడి పేరుతో ఎవరూ బిల్లు పెట్టరు.

ఇదే మాట వర్జీనియాలో గవర్నర్ స్థాయిలో వినిపించింది. అక్కడ రాబ్ బెల్ అనే శాసనసభ్యుడు ఏళ్ల తరబడి టీబో బిల్లు పెడుతూ వచ్చారు. ఉభయ సభలూ దాటిన బిల్లును గవర్నర్ టెరీ మెకాలిఫ్ 2015, 2016, 2017లలో వరుసగా మూడుసార్లు తిప్పికొట్టారు. ప్రభుత్వ బడి పిల్లలు జట్టులో ఉండాలంటే అయిదు సబ్జెక్టులు పాస్ కావాలి, ఇంకా అనేక నిబంధనలు పాటించాలి. ఇంటి చదువు పిల్లలు అవే ప్రమాణాలు అందుకున్నారని రూఢి చేసుకునే మార్గం లేదని ఆయన వాదన. కోర్టులూ దాదాపు ఇదే దారిన నడిచాయి. మిషిగన్‌లో 2004లో అప్పీళ్ల కోర్టు, 2005లో వెస్ట్ వర్జీనియా సుప్రీంకోర్టు ఇంటి చదువు కుటుంబాల దావాలను తోసిపుచ్చాయి. వెస్ట్ వర్జీనియా కేసు కుస్తీ ఆడాలనుకున్న ఒక పిల్లవాడిది. స్కూలు చదువు ప్రమాణాలను కాపాడటం, ఖర్చు భారం అనే రెండు కారణాలనూ కోర్టు సబబేనంది. కావాలనుకుంటే రాష్ట్రాలు చట్టం చేసి అనుమతించవచ్చు, పెన్సిల్వేనియా 2005లో అలాగే చేసింది. కానీ హక్కుగా అడిగినవారికి కోర్టులు హక్కు ఇవ్వలేదు.

అటువైపు వాదనలో బలమైనది పన్ను. టెక్సాస్‌లో స్కూళ్లు ఇంటి పన్ను మీద నడుస్తాయి. పిల్లలు బడికి వెళ్లినా వెళ్లకపోయినా ఇల్లున్న ప్రతివారూ కడతారు. డాలస్ పక్కనున్న ఆలెన్ పట్టణంలో 2012లో హైస్కూలు ఫుట్‌బాల్ కోసమే 18 వేల సీట్లతో సుమారు 6 కోట్ల డాలర్ల స్టేడియం కట్టారు. దానికోసం బాండ్లతో తెచ్చిన అప్పును పన్నులతో తీర్చే కుటుంబం తమ బిడ్డ అందులో ఎందుకు అడుగుపెట్టకూడదని అడిగితే, అది న్యాయమైన ప్రశ్నే. దానికి స్కూళ్ల దగ్గర ఉన్న జవాబు: ఇంటి పన్నుతో పాటు రాష్ట్రం ఇచ్చే నిధి పిల్లల హాజరును బట్టి వస్తుంది, బడికి రాని పిల్లవాడు ఆ హాజరు లెక్కలోకి రాడు.

2025లో ఈ లెక్క ఇంకా చిక్కుపడింది. అదే శాసనసభ సమావేశాల్లో వంద కోట్ల డాలర్లతో విద్యా పొదుపు ఖాతాల (ప్రభుత్వ బడి బయట చదివే పిల్లల ఖర్చులకు ప్రభుత్వం డబ్బిచ్చే పథకం) చట్టం కూడా వచ్చింది. 2026-27 నుంచి ఆ పథకంలో ఎంపికైన ఇంటి చదువు పిల్లలకు ఏడాదికి 2 వేల డాలర్ల దాకా ప్రభుత్వ సొమ్ము అందుతుంది. ‘పన్ను కడుతున్నాం, బదులుగా ఏమీ రావడం లేదు’ అన్న మాట మునుపటిలా అనడం ఇక కష్టం. కొన్ని బోర్డులు ఈసారి గట్టిగా అడ్డుతగలడానికి ఇదొక కారణమనుకోవచ్చు.

డాలస్ చుట్టుపక్కల ఫ్రిస్కో, ప్లేనో, ఇర్వింగ్ ప్రాంతాల తెలుగు కుటుంబాలకు ఇది వేరే కోణంలో తగులుతుంది. యూఐఎల్ అంటే ఫుట్‌బాల్ ఒక్కటే కాదు. గణితం, సైన్సు, స్పెల్లింగు, డిబేటు, బ్యాండు పోటీలన్నీ దాని కిందే. నంబర్ సెన్స్ అనే పోటీలో పది నిమిషాల్లో 80 లెక్కలు కట్టాలి, అన్నీ మనసులోనే. చిత్తు రాతలు ఉండకూడదు, రాసిన అంకె చెరపకూడదు. చదరంగం కోసమో, టెన్నిస్ కోసమో, ఒలింపియాడ్ కోసమో పిల్లల్ని బడి మాన్పించి ఇంట్లో చదివించే ఆలోచన ఉన్నవారు, ఈ పోటీలు కూడా చేజారవని కొత్త చట్టం చూసి ధైర్యం తెచ్చుకుంటున్నారు. ఒక సంగతి మాత్రం గమనించాలి. ఒక సబ్జెక్టులో తప్పబోతున్న పిల్లవాడిని బడి మాన్పించి, ఇంటి చదువు పేరుతో మళ్లీ అదే జట్టులో దించే దారి 2021 చట్టంలోనే మూసేశారు. విద్యా సంవత్సరం మధ్యలో ప్రభుత్వ బడి నుంచి తీసేస్తే ఆ ఏడాది మిగిలిన కాలానికి యూఐఎల్ పోటీలు లేనట్టే. నిర్ణయం తీసుకునేవారు బడి తెరవకముందే తీసుకోవాలి, తమ జిల్లా బోర్డు సెప్టెంబరు 1 లోపు ఏం తీర్మానించిందో కూడా కనుక్కోవాలి.