పొట్టివాళ్లకు ఉన్ని సూటు: అపోహలు, వాస్తవాలు

హన్మకొండలో మా నాన్న కోట్లు కుట్టిన దుకాణంలోనే ఇరవై ఏళ్లుగా నేనూ కత్తెర పడుతున్నాను. నా ఎత్తు నాలుగడుగుల పదకొండు ఇంచులు. కాబట్టి ఈ విషయం టైలర్‌గా కొంత తెలుసు, పొట్టిదానిగా ఇంకా ఎక్కువ తెలుసు.

ఈమధ్య ఇంటర్వ్యూలకు వెళ్లే ఎన్‌ఐటీ అమ్మాయిలు, కోర్టుకు వెళ్లే లాయరమ్మలు "లేడీస్ బ్లేజర్ వద్దక్కా, మగవాళ్ల సూటు లాంటిదే కావాలి" అని వస్తున్నారు. వెంట వచ్చిన అమ్మల మాటల్లో, షోరూమ్‌లో విని వచ్చిన మాటల్లో నిజం సగమే ఉంటుంది.

అపోహ: ఉన్ని అంటే చలికాలం బట్ట, వరంగల్ ఎండకు పనికిరాదు.

గొర్లు కాసే కురుమలను చూడండి. చలికి గొంగడే, వానకు గొంగడే, నడి ఎండలో తల మీద మడిచి వేసుకునేదీ గొంగడే. ఉన్ని తన బరువులో దాదాపు 30 శాతం తేమ పీల్చుకున్నా తడిసినట్టు అనిపించదు. అందుకే చెమట పట్టినా ఒంటికి అతుక్కోదు. గొంగడి గుచ్చుకుంటుంది కదా అంటారు. దక్కనీ గొర్రె వెంట్రుక మందం, అందుకే గుచ్చుకుంటుంది. సూటు గుడ్డకు ఎక్కువగా వాడే మెరినో గొర్రె ఉన్ని చాలా సన్నం. దుకాణంలో "ట్రాపికల్ వుల్" అని అడగండి, చదరపు మీటరుకు 200 నుంచి 250 గ్రాముల బరువున్నది. 300 దాటినది మన ఊరికి వద్దు.

చాలా కోట్లలో ఉక్కపోతకు కారణం ఉన్ని కాదు, లోపలి పాలిస్టర్ లైనింగ్. వెనక భాగానికి సగం వరకే లైనింగ్ వేయమనండి, అదీ విస్కోస్‌ది (రేయాన్ రకం గుడ్డ). మే నెలలో 44 డిగ్రీలకు ఏ కోటూ హాయిగా ఉండదు, అది మాత్రం ఒప్పుకుంటాను.

అపోహ: మగవాళ్ల సెక్షన్‌లో అన్నిటికన్నా చిన్న సైజు కొని, పొడవు తగ్గిస్తే సరి.

ఈ తప్పు నేనూ చేశాను. నాన్న కుట్టిస్తానన్నా వినకుండా ఒక షోరూమ్‌లో 36 సైజు సూటు కొన్నాను. "ఆల్టరేషన్ ఫ్రీ మేడమ్" అన్నారు, కింద మూడు ఇంచులు కోసి ఇచ్చారు. ఇంటికొచ్చి అద్దంలో చూసుకుంటే జేబులు కోటు అంచు దగ్గర వేలాడుతున్నాయి, పెట్టుకునే బటన్ బొడ్డు దాటి ఎక్కడో ఉంది. నాన్న టేపు కూడా తీయలేదు. "పొడుగు కోసిండ్రు గని నడుము జరపలేదు బిడ్డా" అన్నాడు.

అసలు సంగతి అదే. కోటులో షోల్డర్ చివర, నడుము ఒంపు, బటన్, జేబు, వీటి చోట్లు ముందే కట్ అయిపోయి ఉంటాయి. కింద ఎంత కోసినా అవి జరగవు. మెడ వెనక ఎముక నుంచి నడుము దాకా నాది పద్నాలుగున్నర ఇంచులు. మగవాళ్ల 36 కోటులో అది 16 దాటుతుంది. అంటే కోటు నడుము నా తుంటి మీద కూర్చుంటుంది. ప్యాంటూ అంతే. కింద అయిదు ఇంచులు కోస్తే కాలు పొడవు సరిపోతుంది కానీ సీటు లోతు (నడుము పట్టీ నుంచి కాళ్ల మధ్య కుట్టు దాకా) తగ్గదు, మోకాలి దగ్గరి ఒంపు పిక్కల మీదికి దిగుతుంది.

ఇక ఛాతీ. షోల్డర్ చూసి 34 కొంటే ముందు పట్టేసి లాపెల్ (ఛాతీ మీద బయటికి మడిచిన భాగం) పైకి లేస్తుంది. ఛాతీ చూసి పెద్దది కొంటే షోల్డర్ చేతుల మీదికి జారుతుంది. మగవాళ్ల కోటులో డాట్ (ఒంపు కోసం గుడ్డ మడిచి వేసే కుట్టు) ఛాతీ కింద నుంచి జేబు వైపు పోతుంది, మనకు అది సరిపోదు. నేను మెడ వైపు నుంచి ఇంకో డాట్ తీసి లాపెల్ కింద దాచేస్తాను. బయటికి మగవాళ్ల కోటు లాగే ఉంటుంది, లోపల చోటు దొరుకుతుంది. మిగతా ఒంపు ఆవిరి ఇస్త్రీతో వస్తుంది. ఉన్ని ఇస్త్రీ మాట వింటుంది, పాలిస్టర్ వినదు. నేను ఉన్ని కొనమనడానికి సగం కారణం ఇదే.

కుట్టించుకునే టైమ్ లేక రెడీమేడే కొనాల్సి వస్తే ముందు షోల్డర్, తర్వాత బటన్ ఎక్కడుందో చూడండి. ఆ రెండూ కుదిరితే నడుము బిగించడం, ప్యాంటు పొడవు చిన్న పనులు. చేతుల పొడవు మణికట్టు దగ్గర ఒకటిన్నర ఇంచు వరకు తగ్గించొచ్చు. అంతకుమించితే చెయ్యి మొత్తం విప్పి పైనుంచి తగ్గించాలి, ఖర్చు పెరుగుతుంది. మగపిల్లల సెక్షన్‌లో షోల్డర్ దొరుకుతుంది కానీ నేను చూసినంతలో అక్కడ ఉన్ని దొరకడం కష్టం.

అపోహ: పెటీట్ అంటే సన్నగా ఉండేవాళ్లు.

కాదు, ఎత్తు లెక్క. విదేశీ సైజు చార్టుల్లో చాలావరకు అయిదడుగుల నాలుగు ఇంచుల లోపున్న వాళ్లందరూ పెటీటే, లావు సన్నం సంగతి వేరు. మన దేశంలో ఆడవాళ్ల సగటు ఎత్తే అయిదడుగుల దరిదాపుల్లో ఉంటుంది. ఆ లెక్కన మా దుకాణానికి వచ్చేవాళ్లలో పెటీట్ కాని వాళ్లను వెతుక్కోవాలి.

అపోహ: సూపర్ నంబర్ ఎంత పెద్దదైతే గుడ్డ అంత గట్టిది.

ఉన్ని గుడ్డ మీద సూపర్ 100, సూపర్ 120 అని ఉండే ఆ నంబర్ చెప్పేది వెంట్రుక సన్నదనం. సూపర్ 100 అంటే వెంట్రుక మందం 18.75 మైక్రాన్లకు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) మించకూడదు, సూపర్ 120 అంటే 17.75కు మించకూడదు. నంబర్ పెరిగే కొద్దీ మెత్తగా, అందంగా ఉంటుంది, తొందరగా నలుగుతుంది, అరుగుతుంది కూడా. రోజూ స్కూటీ మీద కాజీపేట నుంచి హన్మకొండ వచ్చే అమ్మాయికి సూపర్ 150 ఎందుకు? 100, 110 చాలు. అసలు మోసం ఇంకోచోట ఉంది. పాలిస్టర్ కలిపిన టెర్రీవుల్ చూపించి వుల్ అనేస్తారు. అంచు నుంచి నాలుగు దారాలు లాగి వెలిగించండి. ఉన్ని వెంట్రుకలు కాలిన వాసన వేస్తుంది, బూడిద వేళ్ల మధ్య పొడి అవుతుంది. పాలిస్టర్ కలిసి ఉంటే కరిగి గట్టి పూసలా మిగులుతుంది.

అపోహ: పొట్టివాళ్లు డబుల్ బ్రెస్ట్, చెక్స్, వదులు ప్యాంటు వేసుకోకూడదు.

ఎవరు పెట్టారో ఈ రూలు. డబుల్ బ్రెస్ట్ బాగుంటుంది, రెండు వరుసల బటన్ల మధ్య దూరం తగ్గిస్తే చాలు. చెక్స్ చిన్నవి తీసుకోండి, కుట్ల దగ్గర గళ్లు కలపాలి కాబట్టి గుడ్డ కొంచెం ఎక్కువ పడుతుంది. లాపెల్ వెడల్పు మూడు ఇంచులు దాటనివ్వొద్దు. వదులు ప్యాంటైతే నడుము పైకి ఉండాలి. ఒంటికి పట్టేలా బిగించమని అడిగేవాళ్లతోనే నాకు గొడవ. అలా బిగిస్తే లేడీస్ బ్లేజరే అవుతుంది, అది వద్దనే కదా నా దగ్గరికి వచ్చారు!

బటన్లు ఎటువైపో మొదటే చెప్పండి. మగవాళ్ల కోటులో ఎడమవైపు పైకి వస్తుంది, ఆడవాళ్ల కోటులో కుడివైపు. చెప్పకపోతే మాస్టర్ అలవాటు ప్రకారం కట్ చేసేస్తాడు. కాజాలు పడ్డాక మార్చడం కుదరదు.

అపోహ: జెంట్స్ టైలర్ ఆడవాళ్లకు కుట్టడు.

కుట్టేవాళ్లున్నారు, కానీ చాలామంది కొలతలు మొహమాటంగా, వదులుగా తీస్తారు. ఆ వదులంతా కోటులోకి వస్తుంది. పల్చని షర్టు వేసుకుని, తోడుగా అక్కనో స్నేహితురాలినో తీసుకెళ్లండి. టేపు ఎక్కడ పెట్టాలో మాస్టర్ చెబితే పట్టుకునేది వాళ్లు, చదివేది ఆయన. కచ్చా కుట్టు మీద ట్రయల్ ఇవ్వని దుకాణానికి గుడ్డ ఇవ్వొద్దు. ఆ ట్రయల్‌కు ఆఫీసుకు వేసుకునే చెప్పులతోనే వెళ్లండి. కూర్చోండి, స్కూటీ హ్యాండిల్ పట్టుకున్నట్టు చేతులు చాపండి. కోటు ముందుభాగం నిలబడేందుకు లోపల జిగురుతో అతికించే ఫ్యూజింగ్ వేస్తున్నారా, కుట్టి వేసే కాన్వాస్ గుడ్డ వేస్తున్నారా అడగండి. అతికించిన ఫ్యూజింగ్ సరిగా లేకపోతే కొన్ని డ్రైక్లీనింగ్‌లకు ముందుభాగం బుడగలు కడుతుంది. ఛాతీ వరకైనా కాన్వాస్ ఉంటే నయం. కుట్ల లోపల ముప్పావు ఇంచైనా మార్జిన్ వదలమనండి. పెళ్లయ్యాక, కాన్పయ్యాక అదే పనికొస్తుంది. మిగిలిన గుడ్డ ముక్కలు అడిగి తీసుకోండి, రేపు ఏ మేకుకో తగిలి చిరిగితే రఫ్ఫు చేయడానికి ఆ దారమే కావాలి.