గర్భసంచి ఆపరేషన్లు: పరిహారం దగ్గర అసలు పేచీ ఎక్కడ మొదలైంది

అవసరం లేకుండా గర్భసంచి తీసేశారన్న ఫిర్యాదు పైకొచ్చిన ప్రతిసారీ ఆసుపత్రి నుంచి వచ్చే మొదటి జవాబు ఒకటే: "సంతకం పెట్టారు కదా!" ఆ సంతకం ఎంతవరకు చెల్లుతుందో సుప్రీంకోర్టు 2008 జనవరి 16న తేల్చింది. వైద్యాన్ని వినియోగదారుల చట్టం పరిధిలోకి తెచ్చిన 1995 తీర్పు గురించి చాలామందికి తెలుసు. దాంతో కేసు వేసే దారి దొరికింది. వేశాక ఏం నిరూపించాలన్న చోటే పేషెంట్లు ఓడిపోయేవారు.

డాక్టర్ తప్పు చేశాడా లేదా అని చూడటానికి మన కోర్టులు 1957 నాటి ఒక ఇంగ్లండ్ తీర్పులోని కొలతను వాడుతూ వచ్చాయి. ఆ రంగంలో పేరున్న కొందరు డాక్టర్లు అదే పని చేసి ఉండేవారని తేలితే అది నిర్లక్ష్యం కాదు. 2005లో సుప్రీంకోర్టు దాన్నే మళ్ళీ ఖాయం చేసింది. అనవసర ఆపరేషన్ కేసుల్లో ఈ కొలత పేషెంట్‌కి పెద్ద అడ్డంకి. కుట్లు మానిపోయాయి, ఇన్ఫెక్షన్ రాలేదు, ఇంకో డాక్టర్ వచ్చి "నేనైనా తీసేసేవాణ్ణే" అన్నాడు. ఇక తప్పెవరిది?

2008 కేసులో కోర్టు మరో ప్రశ్న కూడా వేసుకుంది. 44 ఏళ్ళ అవివాహిత 1995 మేలో క్లినిక్‌కి వెళ్ళారు. జబ్బేమిటో తెలుసుకోవడానికి లాపరోస్కోపీ (చిన్న రంధ్రం గుండా కెమెరా పంపి లోపల చూసే పరీక్ష) చేస్తామన్నారు, ఆ ఫారం మీద ఆమె సంతకం చేశారు. మత్తులో ఉండగా అసిస్టెంట్ డాక్టర్ థియేటర్‌లోంచి బయటికొచ్చి, కూర్చుని ఉన్న తల్లి దగ్గర మరో సంతకం తీసుకున్నారు. మెలకువ వచ్చేసరికి గర్భసంచి, అండాశయాలు, అండనాళాలు లేవు.

జాతీయ వినియోగదారుల కమిషన్ 2003లో ఆమె ఫిర్యాదును కొట్టేసింది. సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. పరీక్షకు ఇచ్చిన అనుమతి చికిత్సకు చెల్లదంది. మేజర్ అయిన మనిషి కాసేపు మత్తులో ఉంటే ఆమె బదులు తల్లి ఒప్పుకుంటే సరిపోదంది. ప్రాణం మీదికి వస్తే తప్ప, తెలివి వచ్చేదాకా ఆగాల్సిందేనంది. ఏ ఆపరేషన్, ఎందుకు, వేరే మార్గాలేమిటి, ముప్పులేమిటి, వద్దంటే ఏమవుతుంది, ఇవన్నీ చెప్పాకే సంతకానికి విలువ. ఇదే అసలు మలుపని నా అభిప్రాయం. ఆపరేషన్ బాగా చేశారా అన్నదొక్కటే కాదు, చేసే హక్కు మీకెవరిచ్చారు అన్నది కూడా కోర్టులో అడగదగిన ప్రశ్న అయింది.

కానీ పరిహారం దగ్గర ఇప్పటికీ నడుస్తున్న పేచీకి మూలమూ అదే తీర్పులో ఉంది. ఆమె 25 లక్షలు అడిగితే కోర్టు ఇప్పించింది 25 వేలు. దాంతోపాటు డాక్టర్‌కి ఆపరేషన్ ఫీజు రాకుండా చేసింది. డాక్టర్ ఆమె మేలు కోరే చేశారని కోర్టు నమ్మింది కాబట్టి అంత తగ్గించింది. హక్కు పెద్దదే, దానికి కట్టిన వెల మాత్రం పన్నెండేళ్ళ పోరాటం ఖర్చుకైనా సరిపోయేది కాదు.

డాక్టర్ల మాటా ఉంది. మందులకు లొంగని రక్తస్రావం, క్యాన్సర్ అనుమానం ఉన్నప్పుడు ఆలస్యమే ప్రమాదమని, కేసుల భయంతో ఎవరూ నిర్ణయం తీసుకోలేరని వారంటారు. కొన్ని కేసుల్లో అది నిజమే. అయితే 2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15–49 ఏళ్ళ మహిళల్లో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తమ్మీద 3.2 శాతం ఉంటే, ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7 శాతం ఉన్నారు. మన ఆడవాళ్ళకే ఇంత ఎక్కువగా ఆ జబ్బులు వస్తాయని ఎలా అనుకోవాలి? చిన్న వయసులోనే అండాశయాలు కూడా తీసేస్తే వెంటనే ముట్లుడిగి, ఎముకలు బలహీనపడతాయి. నలభై దాటకుండానే నడుం నొప్పితో పొలం పని మానేసిన మనిషికి "ఆపరేషన్ సక్సెస్" అన్న మాట ఎందుకు పనికొస్తుంది?

బిహార్, ఛత్తీస్‌గఢ్, రాజస్థాన్‌లలో బీమా డబ్బు కోసం పేద మహిళలకు ఈ ఆపరేషన్లు చేశారని 2013లో సుప్రీంకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం పడింది. 2023 ఏప్రిల్ 5న తీర్పు వచ్చింది. కేంద్రం 2022లో ఇచ్చిన మార్గదర్శకాలను రాష్ట్రాలన్నీ మూడు నెలల్లో అమలు చేయాలని, తప్పు చేసిన ఆసుపత్రులను బ్లాక్‌లిస్టులో పెట్టాలని కోర్టు చెప్పింది. ఇవన్నీ ఇకముందు జరగకుండా చూడటానికి. ఇప్పటికే నష్టపోయిన మనిషి మాత్రం పరిహారం కోసం ఎవరికి వారు కేసు వేసుకోవాల్సిందే.

అందులో ఒక భారం 2010లో కొంత తగ్గింది. మలేరియాని టైఫాయిడ్ అనుకుని వైద్యం చేసిన హైదరాబాద్ కేసులో, ప్రతి ఫిర్యాదుకీ నిపుణుడి అభిప్రాయం తెచ్చి తీరాలన్న నియమం లేదని సుప్రీంకోర్టు చెప్పింది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం వచ్చాక తాము ఉంటున్న జిల్లాలోని వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు చేయొచ్చు. గడువు మాత్రం రెండేళ్ళే. సరైన కారణం చూపితే ఆలస్యాన్ని కమిషన్ మన్నించవచ్చు.

ఈ కేసులు గెలిచేదీ ఓడేదీ కాగితాల మీదే. తీసిన గర్భసంచిని పరీక్షించి ఇచ్చిన బయాప్సీ రిపోర్టు, ముందు తీసిన స్కాన్, కేస్ షీట్, సంతకం చేసిన ఫారం ఉండాలి. ఆ ఫారంలో ఆపరేషన్ పేరు రాయాల్సిన చోట ఖాళీగా ఉంటే ఆ ఖాళీయే సాక్ష్యం. 2002 నాటి వైద్య మండలి నిబంధనల ప్రకారం పేషెంట్ అడిగితే రికార్డులు 72 గంటల్లో ఇవ్వాలి, మూడేళ్ళు దాచాలి. అడగాల్సింది ఆ మూడేళ్ళు దాటకముందే, రాతపూర్వకంగా, రసీదు తీసుకుని.