చవక కయాక్‌తో గాలం వేట: మన గంజాం నీళ్లలో వినిపించే అపోహలు, వాస్తవాలు

ఒడిశా గంజాం జిల్లా బరంపురంలో ప్లాస్టిక్ ట్యాంకులకు వెల్డింగ్ చేయడం మా వృత్తి. ఈమధ్య గాలం వేట సరదా ఉన్న కుర్రాళ్లు, ఉద్యోగస్తులు చవకలో దొరికిన కయాక్ (తెడ్డుతో నడిపే ఇరుకైన చిన్న పడవ) తెచ్చి, వేటకు పనికొచ్చేలా చేసిపెట్టమని అడుగుతున్నారు. ఒకవైపు తంపర సరస్సు, ఒకవైపు ఋషికుల్య నది, రంభ దాటితే చిలికా సరస్సు. ఇన్ని నీళ్లు చుట్టూ ఉంటే సరదా పుట్టడం సహజమే. కానీ వాళ్లు చెప్పే పనుల వరుస చూస్తే నాకు టెన్షన్ వస్తుంది. ముందు రాడ్ హోల్డర్లు (గాలం కర్ర నిలిపే గొట్టాలు), తర్వాత ఎత్తు సీటు, తర్వాత మోటారు. లోపలికి నీళ్లు వస్తే ఏమిటన్న మాట మాత్రం రాదు. నేనైతే పని అక్కడే మొదలుపెడతాను.

అపోహ: చవక కయాక్ నాసిరకం ప్లాస్టిక్, వేటకు ఆగదు.

చవక వాటిలోనూ, ఖరీదైన ఫిషింగ్ కయాక్‌లలోనూ ఎక్కువ భాగం పాలిఇథిలీన్‌తోనే తయారవుతాయి. పొడిని అచ్చులో పోసి, వేడి చేస్తూ అన్ని వైపులా తిప్పుతారు. మన డాబాల మీది నీళ్ల ట్యాంకులు తయారయ్యేదీ ఇలాగే. ధరలో తేడా చాలావరకు సీటు, మూతలు, బిగింపులు, వెడల్పు వల్ల వస్తుంది. చెరువులోనో, నెమ్మదిగా పారే ఏటిలోనో గాలం వేయడానికి పది అడుగుల చవక కయాక్ సరిపోతుంది. గోపాల్‌పూర్ అలల మీద దాటించడానికి మాత్రం అది చాలదు.

కొనేటప్పుడు చూడాల్సింది కూర్చునే పద్ధతి. ఒక రకంలో కాళ్లు లోపలికి పెట్టి గుంటలో కూర్చుంటాం. రెండో రకంలో మూసేసిన పడవ పైన కూర్చుంటాం. మన నోలియాల (సముద్రంలో వేటాడే మత్స్యకారుల) తెప్పలో దుంగల సందుల్లోంచి నీళ్లు కిందికి పోయినట్టే, ఈ రెండో రకంలో కాళ్ల దగ్గరి రంధ్రాల్లోంచి పోతాయి. ఇంకా కొననివాళ్లకు నా సలహా ఈ రెండో రకమే.

అపోహ: ప్లాస్టిక్ కదా, మునగదు.

పాలిఇథిలీన్ నీటికన్నా కాస్త తేలిక, నిజమే. కానీ గుంట ఉన్న కయాక్ తిరగబడితే వంద లీటర్లకు పైగా నీళ్లు పట్టేస్తుంది. అంటే వంద కిలోల పైమాటే. ముందు కొసో వెనక కొసో పైకి కనిపిస్తూ ఉండొచ్చు గానీ, చెరువు మధ్యలో ఒక్క మనిషి దాన్ని నిలబెట్టి, నీళ్లు తోడి, మళ్లీ ఎక్కడం దాదాపు కాని పని.

అందుకే మొదటి ఖర్చు ఇక్కడ పెట్టండి. ముందు కొసలోనూ, వెనక కొసలోనూ నీళ్లు చేరే చోటును ముందుగానే నింపేయాలి. బాగా చవక పద్ధతి ఒకటుంది. మూత గట్టిగా బిగించిన రెండు లీటర్ల ఖాళీ కూల్‌డ్రింక్ బాటిళ్లు వాడండి. ఒక్కోటి సుమారు రెండు కిలోలు తేల్చుతుంది. పైగా బాటిల్ ఉన్నచోట నీళ్లు చేరలేవు. ఇరవై బాటిళ్లు రెండు కొసల్లో సర్ది, వల గుడ్డతో కదలకుండా కట్టండి. కట్టకపోతే తిరగబడ్డప్పుడు అన్నీ బయటికి కొట్టుకుపోతాయి, పెట్టి ప్రయోజనం ఉండదు. కాస్త ఖర్చు పెట్టగలిగితే యోగా మ్యాట్ తరహాలో నీళ్లు పీల్చని ఫోమ్ కోసి పెట్టుకోవచ్చు. థర్మోకోల్ నాకు ఇష్టం లేదు. అది పొడిపొడిగా రాలి చెరువులో కలుస్తుంది, పెట్రోల్ తగిలితే కరిగిపోతుంది.

పైన కూర్చునే రకంలో ప్రమాదం ఇంకోలా ఉంటుంది. మూత సరిగా పడకపోయినా, బోల్టు రంధ్రం కారినా నీళ్లు పొట్టలోకి చేరుతూనే ఉంటాయి, మనకు తెలియదు. లోపలి నీళ్లన్నీ ఒక పక్కకు ఒరిగినప్పుడు పడవ ఒక్కసారిగా తిరగబడుతుంది. వేట మధ్యలో అప్పుడప్పుడు పడవను అటూ ఇటూ ఊపి, లోపల నీళ్ల చప్పుడు వినిపిస్తోందేమో చూడండి.

సామాను బిగించాక నడుము లోతు నీళ్లలో, పక్కన ఇంకొకరు ఉండగా, కావాలనే బోర్లా వేసి మళ్లీ ఎక్కి చూడాలి. అక్కడ ఎక్కలేనివాళ్లు లోతులో ఎక్కలేరు.

అపోహ: సిలికాన్ పూస్తే ఏ రంధ్రమైనా మూసుకుంటుంది.

ఇది రోజూ వినే మాట. పాలిఇథిలీన్ ఉపరితలానికి జిగురు పట్టదు. సిలికాన్ అయినా, ఎపాక్సీ ముద్ద అయినా పైన కూర్చున్నట్టు కనిపిస్తుంది, నాలుగు ఎండలకు గోటితో లాగితే ఊడొస్తుంది. నీళ్లు ఆపేది జిగురు కాదు, ఒత్తిడి. బోల్టు తల కింద రబ్బరు వాషరో బ్యూటైల్ టేపో (మెత్తటి జిగట రబ్బరు పట్టీ) పెట్టి, లోపలివైపు వెడల్పాటి స్టీల్ వాషర్ వేసి బిగించాలి. మరీ బిగిస్తే ప్లాస్టిక్ లోపలికి కుంగిపోతుంది, కాబట్టి రబ్బరు కాస్త ఉబ్బగానే ఆపండి. లోపలికి చెయ్యి దూరని చోట ఇత్తడి నట్టు ఉన్న రబ్బరు గొట్టం నట్లు వాడండి. స్క్రూ తిప్పేకొద్దీ రబ్బరు లోపల ఉబ్బి రంధ్రాన్ని మూసేస్తుంది. ఉప్పునీళ్లలో తిరిగే పడవకు స్టెయిన్‌లెస్ స్టీల్ పక్కన అల్యూమినియం రివెట్ వేయకండి, అల్యూమినియం తొందరగా తినేసుకుపోతుంది.

పగులు వస్తే దాని రెండు చివర్లా చిన్న రంధ్రం వేయాలి. అప్పుడు పగులు ముందుకు పాకదు. ఆ తర్వాత అదే రకం ప్లాస్టిక్ పుల్లతో వెల్డింగ్. పీవీసీ పుల్ల దీనికి అతకదు. మూత అమర్చడానికి పడవలోంచి కోసిన ముక్క ఉంటే పారేయకండి, రిపేరుకు అంతకన్నా మంచి ప్లాస్టిక్ దొరకదు.

అసలు రంధ్రమే లేకుండా చాలా పని అయిపోతుంది. పాల క్రేట్‌కు నలభై యాభై మిల్లీమీటర్ల పీవీసీ పైపు ముక్కలు కట్టి, సీటు వెనక ఎలాస్టిక్ తాళ్లతో బిగిస్తే రాడ్ హోల్డర్లు, సామాను పెట్టె రెండూ తయారు. ఒక సీజన్ ఇలా వాడి చూస్తే రాడ్ ఎక్కడ ఉంటే చేతికి అందుతుందో మీకే తెలుస్తుంది. డ్రిల్లు తీయాల్సింది ఆ తర్వాతే.

అపోహ: లేబుల్ మీద 120 కిలోలు అని ఉంటే 120 వేయొచ్చు.

ఆ అంకె గరిష్ఠం. అంత బరువుతో పడవ అంచు నీళ్లకు దగ్గరైపోయి, చిన్న అల కూడా లోపలికి వస్తుంది. మూడింట రెండు వంతుల దగ్గర ఆగడం మంచిది. 120కి 80 అన్నమాట. మనిషి, నీళ్ల సీసా, సామాను, పట్టిన చేప అన్నీ అందులోనే. చిన్న కరెంటు మోటారు కోసం ఇంట్లోని ఇన్వర్టర్ బ్యాటరీ పెడదామని కొందరు అడుగుతారు. 150 ఆంపియర్ అవర్ల ట్యూబులర్ బ్యాటరీ ఒక్కటే 50 కిలోలు దాటుతుంది. నేను ఒప్పుకోను.

అపోహ: సీటు ఎత్తు పెంచితే వేట బాగుంటుంది.

వెడల్పాటి పడవలో అయితే సరే. ఇరుకు కయాక్‌లో నాలుగు అంగుళాలు పెంచినా పడవ ఒరిగిపోయే తీరు వెంటనే తెలుస్తుంది. కింద తడి తగలకుండా ఫోమ్ ముక్క వేసుకోండి, అంతకు మించి వద్దు.

అపోహ: లంగరు చేతికి అందే పక్కన కట్టుకుంటే సులువు.

ప్రాణం తీసే పని ఇది. ఋషికుల్య మొగ (నది సముద్రంలో కలిసే చోటు) దగ్గర పాటు నీరు సముద్రంలోకి లాగేటప్పుడు పక్కకు కట్టిన తాడు పడవను అడ్డంగా నిలబెడుతుంది, ప్రవాహం ఆ అంచును కిందికి తొక్కేస్తుంది. లంగరు తాడు ఎప్పుడూ ముందు కొసకో వెనక కొసకో ఉండాలి. కూర్చున్న చోటి నుంచి కొసకు చెయ్యి అందదు కాబట్టి, పడవ పక్కనే రెండు చిన్న కప్పీల మీద తాడు చుట్టు వేసుకోండి. ఆ చుట్టుకు ఒక రింగు కట్టి, లంగరు తాడును దానిలోంచి పోనిస్తే, రింగును కొస దాకా ముందుకీ వెనక్కీ జరుపుకోవచ్చు. తాడు చివర ఒక తేలుడు బంతి, లైఫ్ జాకెట్‌కు ఒక కత్తి ఉండాలి. లంగరు ఇరుక్కుంటే వదిలేసి వచ్చేయాలి, తర్వాత వెతుక్కోవచ్చు.

చిలికా బురదలో లంగరే అక్కర్లేదు. అక్కడి వాళ్లలా వెదురు గెడ దించి, పడవ కొసను దానికి కట్టుకుంటే చాలు. ఒకటి మాత్రం మర్చిపోకండి. ఎండాకాలం మధ్యాహ్నం దక్షిణపు గాలి లేచాక ఆ తక్కువ లోతులో అలలు పొట్టిగా, నిటారుగా వస్తాయి. పొద్దున వెళ్లి, గాలి లేవకముందే తిరిగి రావాలి.

అపోహ: ఈత వస్తే లైఫ్ జాకెట్ ఎందుకు?

తలకు దెబ్బ తగిలితే ఈత రాదు. ఎండకు వడదెబ్బ తగిలినా అంతే. జాకెట్ మీద కనీసం 50 న్యూటన్లు అని ఉండాలి, అంటే సుమారు ఐదు కిలోల తేల్చే శక్తి. సీటు కింద వేసుకుంటే ఫోమ్ నలిగి ఆ శక్తి పోతుంది. తొడుక్కుని, జిప్పు పెట్టుకోండి.

అపోహ: మోటారు లేదు కాబట్టి మనకు నిబంధనలు వర్తించవు.

ఋషికుల్య మొగ ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టే చోటు. ఏటా నవంబరు 1 నుంచి మే 31 దాకా అక్కడ తీరం నుంచి 20 కిలోమీటర్ల వరకు సముద్రంలో చేపల వేటపై ప్రభుత్వ నిషేధం ఉంటుంది. ఆ నెలల్లో కయాక్ తీసుకుని మొగ దాటకండి. ఏమైనా సందేహం ఉంటే ముందు మత్స్యశాఖ ఆఫీసులో అడగండి. చిలికాలోని నలబణ దీవి 1987 నుంచి పక్షుల అభయారణ్యం, గాలం పట్టుకుని అటు వెళ్లకూడదు. చిలికాలో మిగతా చోట్ల కూడా చాలావరకు వేట హక్కు సంప్రదాయ మత్స్యకారుల సంఘాలదే. ఆ ఊరి వాళ్లను అడిగి, వాళ్లు సరేనన్న చోటే గాలం వేయండి. వాళ్లు వలల కోసం పాతిన గెడలకు కయాక్ కట్టకండి. కొక్కేల లంగరు వాళ్ల వలలో పడితే వల చిరుగుతుంది, ఆ రోజు సంపాదన పోయేది ఆ ఇంటివాళ్లకు.