బూడిదలో మిగిలిన బొగ్గెంత?

జూన్, జూలై వచ్చిందంటే చిత్తూరు చుట్టుపక్కల గుజ్జు ఫ్యాక్టరీల ముందు తోతాపురి మామిడి ట్రాక్టర్లు బారులు తీరతాయి. గుజ్జు వేడి చేయాలంటే ఆవిరి కావాలి, ఆవిరికి బాయిలర్ మండాలి. అందులో కట్టె వేసేవాళ్లున్నారు, శెనక్కాయ పొట్టు, వరి ఊక వేసేవాళ్లున్నారు. కింద బూడిద నల్లగా కనబడితే చాలు, "దుడ్డంతా బూడిదలోనే పోతా ఉండాది" అంటారు. నలుపంటే కాలని కార్బనే, అందులో అనుమానం లేదు. అయితే ఎంత పోయిందో కంటికి తేలదు.

మంట దేన్నీ మాయం చేయదు. 12 కిలోల కార్బన్ పూర్తిగా కాలితే 32 కిలోల ఆక్సిజన్‌ను కలుపుకుని 44 కిలోల కార్బన్ డయాక్సైడ్ అవుతుంది. గాలి బరువులో ఆక్సిజన్ దాదాపు 23 శాతమే కాబట్టి, కిలో కార్బన్‌కు కనీసం పదకొండున్నర కిలోల గాలి ఇవ్వాలి. గాలి చాలకపోతే బొగ్గు మిగులుతుంది, కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. పోనీ అని ఫ్యాను పెంచితే పొట్టు లాంటి తేలిక సరుకు కాలేలోపే ఎగిరిపోతుంది, చిమ్నీలోంచి పోయే వేడి అదనం.

ఇక పోయిందెంతో తేల్చడం. బయటికొచ్చే బూడిదంతా తూచాలంటే అయ్యే పని కాదు, కొంత పొగతోనే వెళ్లిపోతుంది. కానీ ఇంధనంలోని ఖనిజం కాలదు, లోపలికెంత వెళ్లిందో బయటికీ అంతే రావాలి. ఆ ఒక్క పట్టు దొరికితే చాలు. 100 కిలోల పొట్టులో 4 కిలోల ఖనిజం ఉందనుకుందాం. బూడిద నమూనాలో 20 శాతం కార్బన్ తేలింది. అంటే మిగతా 80 శాతమే ఆ 4 కిలోలు. మొత్తం బూడిద 5 కిలోలు, అందులో కార్బన్ 1 కిలో. కిలో కార్బన్ కాలితే సుమారు 8,080 కిలోకేలరీలు వస్తాయి. పొట్టుకు కిలోకు 4,000 చొప్పున వేసుకుంటే 100 కిలోలకు 4 లక్షలు. పోయింది 2 శాతం.

ఇదే లెక్క గనిలోంచి వచ్చే బొగ్గుకు వేస్తే తల తిరుగుతుంది. మన దేశపు బొగ్గులో 40 శాతం దాకా బూడిద ఉండడం మామూలే. ఆ బూడిదలో కార్బన్ 5 శాతమే ఉందనుకోండి. 40 కిలోల ఖనిజంతో 2.1 కిలోల కార్బన్ బయటికి పోయినట్టు. కిలోకు 3,500 కిలోకేలరీల బొగ్గయితే నష్టం 5 శాతానికి దగ్గర. చూడటానికి నలుపు తక్కువగా, శుభ్రంగా కనబడే బూడిదే రెట్టింపుకు మించి తినేసింది!

నమూనా తీయడంలోనే సగం తప్పులు జరుగుతాయి. గ్రేట్ (ఇంధనం మండే ఇనుప జల్లెడ) కింద వేళ్లతో నలిపితే చితికే బొగ్గు ముక్కలుంటాయి, సైక్లోన్ (పొగను సుడి తిప్పి ధూళిని పట్టే గొట్టం) కింద పిండిలాంటి ధూళి ఉంటుంది. రెండింట్లో కార్బన్ ఒకేలా ఉండదు, కాబట్టి విడివిడిగా తీసి, ఎటు ఎంత బూడిద పడుతుందో ఆ పాళ్లలో లెక్క కట్టాలి. తర్వాత 105 డిగ్రీల దగ్గర తడి ఆరబెట్టి తూచి, కొలిమిలో కాల్చి మళ్లీ తూస్తారు. తగ్గిన బరువే కార్బన్ అనుకుంటారు. కట్టె బూడిద దగ్గర ఈ అనుకోవడం దెబ్బ కొడుతుంది. అందులో కాల్షియం కార్బొనేట్ ఉంటుంది. వేడి మితిమీరితే అది సున్నంగా మారి కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది, ఆ బరువు కూడా కాలని కార్బన్ ఖాతాలో పడుతుంది. బొగ్గులో బూడిద తేల్చడానికి 815 డిగ్రీలు, కట్టె, పొట్టు లాంటి వాటికి 550 డిగ్రీలు పెట్టుకోవడానికి ఇదొక కారణం.

ఇంకో చిక్కు మన నేలది. శెనక్కాయ మట్టిలో ఊరేది, పొట్టుతోపాటు ఎర్రమట్టీ వస్తుంది. పై లెక్కలోని 100 కిలోల పొట్టుకు మరో 4 కిలోల మట్టి అంటుకుని ఉందనుకోండి. కాలని కార్బన్ అదే 1 కిలో, బూడిద మాత్రం 9 కిలోలు. కార్బన్ 20 శాతం నుంచి 11కు దిగి, బాయిలర్ బాగుపడ్డట్టు కాగితం మీద కనబడుతుంది. పాత 4 కిలోల అంకెనే పట్టుకుని లెక్కేస్తే నష్టం అర కిలో అని వస్తుంది, నిజంలో సగం. ఇంధనంలో బూడిద శాతాన్ని పుస్తకంలోంచి ఎత్తుకోకుండా, అదే లోడు నుంచి గుప్పెడు తీసి కాల్చి చూసేది అందుకే.