కట్ట మీద టైల్స్ వేస్తే పార్కు అయిపోదు: నీళ్ల ఒడ్డు పార్కులు, రన్నింగ్ ట్రాక్‌లపై అపోహలు - వాస్తవాలు

మహబూబ్‌నగర్ పెద్ద చెరువు, వనపర్తి నల్లచెరువు, నాగర్‌కర్నూల్ కేసరి సముద్రం, సూర్యాపేట సద్దల చెరువు. 2015లో తెలంగాణలో చెరువులు బాగుచేసే మిషన్ కాకతీయ పథకం మొదలైన తర్వాత మన దిక్కు చెరువు కట్టలు ఒక్కొక్కటీ మినీ ట్యాంక్‌బండ్‌లయ్యాయి. పొద్దున అయిదింటికే నడిచేవాళ్లు, పోలీసు ఉద్యోగాలకు, ఆర్మీ ర్యాలీలకు పరుగు ప్రాక్టీసు చేసే పిల్లలు, బీపీ-షుగర్ ఉన్న పెద్దమనుషులు అందరూ అక్కడే. ఇలాంటి చోట్ల మట్టి, వాలు, నీటి దారి చూసి ట్రాక్ డిజైన్ చేయడం, దగ్గరుండి వేయించడం నా పని. ఈ పనిలో కౌన్సిలర్ల దగ్గర్నుంచి వాకర్స్ దాకా అందరి నోటా పదేపదే వినే మాటలు కొన్నున్నాయి. కొన్నింట్లో సగం నిజముంది. కొన్ని పూర్తిగా తప్పు, పైగా కోట్లు ఖర్చు పెట్టించే తప్పు.

అపోహ: నది ఒడ్డు పార్కు అంటే సబర్మతిలా రెండు పక్కలా కాంక్రీటు గోడ ఉండాలి

ప్రతి మీటింగ్‌లో ఎవరో ఒకరు ఫోన్ తీసి అహ్మదాబాద్ ఫోటో చూపిస్తారు. బాగుంటుంది, కాదనను. కానీ ఆ ఫోటోలో నిండుగా కనిపించే నీళ్లు చాలావరకు నర్మదా కాలువ నుంచి తెచ్చి పోసినవి. కింద వాస్నా బ్యారేజీ ఉంది కాబట్టి అక్కడ నిలుస్తున్నాయి. ఆ ఏర్పాటు లేకపోతే ఏడాదిలో ఎక్కువ రోజులు అక్కడ కనిపించేది ఇసుకే. మన డిండి వాగు పక్కన అలాంటి గోడ కట్టి, ఎండాకాలం రెండు గోడల మధ్య ఎండిన వాగును చూడటానికి ఎవరొస్తారు?

ఇంకో సంగతి వరద. 2009 అక్టోబరులో శ్రీశైలానికి దాదాపు 25 లక్షల క్యూసెక్కుల నీళ్లొచ్చాయి, అలంపూర్ మునిగింది. బీచుపల్లి దగ్గరో, మూసీ వచ్చి కృష్ణలో కలిసే వాడపల్లి దగ్గరో ఏప్రిల్ నెలలో నిలబడి ‘ఇదే ఒడ్డు’ అనుకుంటే మోసపోతాం. నదికి ఎండాకాలపు ఒడ్డు వేరు, వానాకాలపు ఒడ్డు వేరు. 2012 నాటి భవన నిర్మాణ నిబంధనలు (జీవో 168) నది అంచు నుంచి మున్సిపాలిటీ లోపలైతే 50 మీటర్లు, బయటైతే 100 మీటర్లు భవనాలు కట్టకుండా వదలమంటాయి. ఆ జాగాను పచ్చగా, జనం తిరగడానికి వాడుకోవచ్చు. అంటే పార్కుకు జాగా చట్టమే ఇచ్చింది. దాన్ని గోడతో కాకుండా రెండు అంచెలుగా వాడుకోవాలి.

కింది అంచె ఏడాదికోసారి మునిగినా ఫర్వాలేదన్నట్టు ఉండాలి. అక్కడ కరెంటు వైరు ఉండొద్దు, ఇనుప జిమ్ ఉండొద్దు. దారి రాయిదో కాంక్రీటుదో అయి ఉండాలి, బెంచీలు బండరాయివి. లైట్లు, టాయిలెట్లు, పిల్లల ఆట సామాన్లు పై అంచెలో. మధ్యలో వాలుకు రాతి పరుపు, దాని మీద వట్టివేరు. వట్టివేరు వేళ్లు రెండు మూడు మీటర్ల లోతుకు నిట్టనిలువుగా దిగి మట్టిని పట్టుకుంటాయి. గోడతో పోలిస్తే ఖర్చు చాలా తక్కువ. శిలాఫలకం దగ్గర ఫోటోకు మాత్రం అంత ఘనంగా కనిపించదు, అదే దాని బాధ.

అపోహ: శిఖంలో (చెరువు లోపలి భూమిలో) రెండు ఎకరాలు మట్టి పోసి పార్కు వెడల్పు చేస్తే ఏం కాదు, చెరువు పెద్దదేగా

లెక్క చేసి చూద్దాం. ఒక ఎకరం అంటే 4,047 చదరపు మీటర్లు. దాంట్లో మీటరు లోతు మట్టి పోస్తే 40 లక్షల లీటర్లకు పైగా నీళ్లకు చోటు పోయినట్టు. అయిదు వేల లీటర్ల ట్యాంకర్లు ఎనిమిది వందలు. రెండు ఎకరాలైతే పదహారు వందలు. గట్టి వాన పడ్డ రాత్రి ఆ నీళ్లు ఎక్కడికి పోవాలి? అలుగు (చెరువు నిండితే మిగులు నీళ్లు పొర్లిపోయే కట్టడం) మీద పడి, అలుగు కింద వాగు మూసుకుపోయి ఉంటే కాలనీలోకి. మర్నాడు పేపర్లో ‘చెరువును తలపించిన కాలనీ’ అని రాస్తారు. నీళ్లు మాత్రం వాటి పాత జాగాకే వచ్చాయి.

దీనికి తమ్ముడిలాంటిది ఇంకోటుంది. ‘అలుగు ఒక అడుగు లేపండి సార్, ఎండాకాలంలో కూడా నీళ్లుంటాయి, పార్కు కళగా ఉంటుంది.’ అలుగు అడుగు లేస్తే చెరువు పూర్తి నీటిమట్టమే అడుగు లేస్తుంది. ఎగువన పట్టా భూములు మునుగుతాయి, రైతులు కోర్టుకు పోతారు. అంతకంటే ముఖ్యమైనది, నీటిమట్టానికీ కట్ట తలకూ మధ్య వదిలిన ఖాళీ అడుగు తగ్గుతుంది. పెద్ద వరదలో కట్ట మీదుగా నీళ్లు పొర్లకుండా ఆపేది ఆ ఖాళీయే. మట్టి కట్ట మీద నీళ్లు పొర్లడం మొదలైతే తెగడానికి ఎక్కువసేపు పట్టదు.

అందుకే డిజైన్‌కు కూర్చున్నప్పుడు నేను ముందు అడిగేది మూడు కాగితాలు: పూర్తి నీటిమట్టం హద్దు, అలుగు లెవెల్, పొలాలకు నీళ్లు వదిలే తూముల జాగా. పది హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువుకు ఆ హద్దు నుంచి 30 మీటర్లు, అంతకంటే చిన్నదైతే 9 మీటర్లు బఫర్, అంటే కట్టడాలు లేకుండా వదిలే జాగా. ట్రాక్ ఆ బఫర్‌లో తిరగాలి. చెరువు లోపలికి దిగొద్దు.

అపోహ: కట్ట మీద చెట్లు పెడితే కట్ట గట్టిపడుతుంది

ఇది విన్నప్పుడల్లా టెన్షన్ వస్తుంది, ఎందుకంటే చెప్పేవాళ్లు మంచి మనసుతోనే చెప్తారు. గడ్డి వేళ్లు కట్టను పట్టుకుంటాయి, నిజం. మర్రి, రావి లాంటి పెద్ద చెట్ల వేళ్లు కట్టలోకి చొచ్చుకుపోతాయి. చెట్టు చచ్చిపోయి ఆ వేరు కుళ్లిందంటే కట్ట లోపల సొరంగం మిగులుతుంది. చెరువు నిండినప్పుడు నీళ్లు ఆ దారి పట్టి మట్టిని కొద్దికొద్దిగా బయటికి మోసుకొస్తాయి. గాలివానకు పెద్ద చెట్టు కూలినా వేళ్లతో పాటు కట్టలోంచి ఒక ముక్క ఊడొస్తుంది. ఇరిగేషన్ వాళ్లు కట్ట మీద పొదలు కొట్టించేది పచ్చదనం మీద కోపంతో కాదు.

మరి నీడ ఎట్లా? కట్ట పాదానికి కొంత ఎడంగా, బయటి వైపు నాటాలి. ట్రాక్ నేల మీద ఉన్న చోట పడమటి పక్కన నాటితే సాయంత్రం ఎండ ఆగుతుంది. మన ఎండలకు వేప, కానుగ, నేరేడు. నీటి ఒడ్డుకు తెల్లమద్ది, అది పుట్టడమే వాగుల వెంట పుడుతుంది. తొందరగా పచ్చగా కనిపిస్తుందని కోనోకార్పస్ మాత్రం వద్దు. గుజరాత్ 2023లో దాన్ని నిషేధించింది, మన మొక్కలు నాటే పథకం హరితహారంలోనూ నాటొద్దన్నారు.

కట్ట తల గురించి ఒక మాట ఇక్కడే చెప్పాలి. అందం కోసం ఆర్చీలు, పూలకుండీలు, దిమ్మెలు పెట్టి దారి బిగించేస్తారు. కట్టకు బుంగ పడ్డ రాత్రి ఇసుక బస్తాల టిప్పర్, జేసీబీ ఆ దారినే రావాలి. చెరువు నీళ్లు వదిలే నీరటి తూము దగ్గరికి పోవాలన్నా అదే దారి. మూడు మీటర్లకు పైగా ఖాళీగా ఉంచండి, దిమ్మెలు పెట్టాల్సొస్తే తీసేసే రకం పెట్టండి.

అపోహ: సిమెంటు మీద పరిగెత్తితే మోకాళ్లు అరిగిపోతాయి

పరుగుతోనే మోకాళ్లు అరిగిపోతాయన్న భయానికి ఆధారం బలంగా లేదు. 2017లో వచ్చిన ఒక పెద్ద సమీక్షలో మోకాలి, తుంటి కీళ్ల అరుగుదల మామూలుగా పరిగెత్తేవాళ్లలో 3.5 శాతం ఉంటే, అసలు పరిగెత్తకుండా కూర్చునేవాళ్లలో 10.2 శాతం ఉంది. పోటీల స్థాయిలో పరిగెత్తేవాళ్లలో మాత్రం 13.3 శాతం. నేల గట్టిదైతే కాలు తన బిగువును దానికి తగ్గట్టు మార్చుకుంటుంది. మనవాళ్లకు దెబ్బలు ఎక్కువ తగిలేది నోటిఫికేషన్ పడగానే ఒక్కసారిగా కిలోమీటర్లు పెంచేసి, అరిగిన బూట్లతో ఉరకడం వల్ల.

నేల చేసే అసలు హాని వేరే చోట ఉంది, ఎగుడుదిగుళ్లలో. ఇంటర్‌లాకింగ్ టైల్స్ కింద ఇసుక సరిగా కొట్టకపోతే రెండు వానాకాలాలకు కుంగుతాయి. ఒక టైల్ అంచు ఒక సెంటీమీటరు లేచినా చీకట్లో మడమ మెలితిరుగుతుంది. నున్నటి గ్రానైటైతే నాలుగు చినుకులకే జారుతుంది. నా లెక్కలో నడకకు, పరుగుకు కలిపి మన దగ్గర అన్నిటికంటే మంచిది మొరం ట్రాక్. ఊరి చుట్టుపక్కలే దొరుకుతుంది, పాడైతే పారా పట్టుకుని బాగుచేసుకోవచ్చు. కాకపోతే ‘రెండు ట్రిప్పులు మొరం పోసి రోలర్ తిప్పండి’ అంటే ట్రాక్ కాదు. పది సెంటీమీటర్ల చొప్పున పొరలు వేసి, తడిపి, తొక్కించాలి. బంక ఎక్కువున్న మొరమైతే వానకు బురదవుతుంది, క్రషర్ డస్ట్ కలపాలి. బంక అసలే లేకపోతే ఎండకు దుమ్ము లేస్తుంది.

వాలు కూడా చూసుకోవాలి. నీళ్లు నిలవకుండా యాభైకి ఒకటి చాలు, అంటే రెండు మీటర్ల వెడల్పుకు నాలుగు సెంటీమీటర్లు. అంతకు మించి ఒరిగితే రోజూ ఒకే దిశలో ఉరికేవాళ్లకు ఒక కాలి మీదే భారం పడుతుంది. నల్లరేగడి ఉన్న చోట అయితే పైన ఏం వేసినా కింది మట్టి తీసేయందే లాభం లేదు. వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలిస్తుంది, పైనున్న కాంక్రీటును కూడా పగలగొడుతుంది. అరమీటరు దాకా తవ్వి మొరం నింపాలి. ఎస్టిమేట్‌లో అందరూ కొట్టేసేది ముందు ఈ తవ్వకం పద్దునే.

ఇక సింథటిక్ ట్రాక్. స్టేడియంలో అథ్లెట్లకు అది కావాలి. చెరువు ఒడ్డున వద్దు. నల్లగొండ మే నెల ఎండలో రబ్బరు పూత 60 డిగ్రీలు దాటి కాలుతుంది, తడి నేల మీద పొరలుగా లేస్తుంది. కట్ట చుట్టూ సరిగ్గా 400 మీటర్లు రావాలన్న పట్టుదల కూడా అక్కర్లేదు. వంద మీటర్లకో రాయి పాతి అంకె రాస్తే 1,600 మీటర్ల పరుగు టైమ్ చూసుకునే పిల్లలకు అంతకంటే ఏమీ అక్కర్లేదు.

అపోహ: గుర్రపుడెక్క తీసి ఫౌంటెన్ పెడితే చెరువు శుభ్రమైనట్టే

గుర్రపుడెక్క పెరుగుతోందంటే చెరువులోకి మురుగు వస్తోందని అర్థం. మురుగులోని నత్రజని, భాస్వరం దానికి ఎరువు. నాలా తిప్పకుండా, మురుగు శుద్ధి చేయకుండా మిషన్ పెట్టి తీయిస్తే కొన్ని వారాల్లో మళ్లీ కమ్ముకుంటుంది, బిల్లు కూడా మళ్లీ వస్తుంది. ఫౌంటెన్ తన చుట్టూ కాస్త గాలి కలుపుతుంది, అంతే. నీళ్లు మురికివైతే ఆ తుంపరలే నడిచేవాళ్ల మొహాన పడతాయి. డబ్బు కొంతే ఉంటే ఫౌంటెన్ ఆపి, నాలా వచ్చి కలిసే మూలన మురుగు పూడు దిగే గుంట, దాని తర్వాత జమ్ము పెరిగే చిత్తడి కట్టించండి. మూసీ కింద ఉన్న మన జిల్లాలకు మురుగు కథ కొత్తగా చెప్పాల్సిన పనిలేదు.

అపోహ: చెరువు దగ్గర పార్కంటే డెంగీ దోమలు

డెంగీ దోమ మంచి నీళ్లు నిలిచిన కుండీల్లో, టైర్లలో, కూలర్లలో గుడ్లు పెడుతుంది. చేపలున్న, అలలాడే చెరువు నడుమ దోమ బతకడం కష్టం. పార్కులో వెతకాల్సింది పూలకుండీల కింద ప్లేట్లు, పగిలిన డస్ట్‌బిన్‌లు.

అపోహ: బర్రెలు, బట్టలుతికేవాళ్లు, చేపలవాళ్లు లేకుండా చేస్తేనే పార్కు నీటుగా ఉంటుంది

చెరువు మీద మత్స్య సహకార సంఘాలకు చేపల హక్కులుంటాయి, ఆయకట్టు రైతుకు నీటి హక్కుంటుంది. వాళ్లను కంచె బయట పెడితే కంచె నిలవదు, అది తెల్లారేసరికి తెగుతుంది. పడవ దింపే చోటు, వలలు ఆరేసుకునే జాగా, పశువుల దారి, చాకలి రేవు ముందే గీసుకుంటే ట్రాక్‌కు అడ్డం రావు. బతుకమ్మ ఘాట్‌కు మెట్లు వెడల్పుగా, ఎత్తు తక్కువగా, గరుకు రాయితో ఉండాలి. తల మీద బతుకమ్మతో, పట్టుచీరల్లో, చీకట్లో దిగేది ఆడవాళ్లు. చివరి మెట్టు దగ్గర లోతు ఒక్కసారిగా పెరగకుండా చూడాలి.

అపోహ: ఎంత పెద్ద లైటు పెడితే అంత భద్రత

హైమాస్ట్ కింద కళ్లు చెదిరే వెలుగు, దాని పక్కన కటిక చీకటి. ఆ చీకట్లో ఎవరున్నారో వెలుగులో నడిచేవాళ్లకు కనపడదు. నాలుగైదు మీటర్ల స్తంభాలు దగ్గరదగ్గరగా, వెలుగు కిందికే పడేలా పెడితే దారంతా ఒకేలా కనిపిస్తుంది, చెట్ల మీది పక్షులకూ ఇబ్బంది తక్కువ. ఆడవాళ్లు సాయంత్రం రావాలంటే లైటొక్కటే చాలదు. ట్రాక్ పక్కన పొదలు మోకాలెత్తు దాటొద్దు, బయటికి పోయే దారులు ఒకటికి మించి ఉండాలి, టాయిలెట్ తాళం తీసి ఉండాలి. ఆ తాళం చెవి ఎవరి దగ్గరుందో తెలియని పార్కులు ఎన్నో చూశాను.

అపోహ: ప్రారంభోత్సవం అయిందంటే పని అయిపోయినట్టే

తెలంగాణ 2019 మున్సిపల్ చట్టం ప్రకారం పట్టణాల బడ్జెట్‌లో 10 శాతం పచ్చదనానికి పెట్టాలి, నాటిన మొక్కల్లో 85 శాతం బతకాలి. కాబట్టి చెట్లకు డబ్బుల్లేవు అనే మాట అంత తేలిగ్గా ఒప్పుకోనక్కర్లేదు. మొరం ట్రాక్‌కు ఏడాదికోసారి, వానలు తగ్గాక, పైపొర సరిచేయాలి. వట్టివేరు కోయాలి. రాతి పరుపులో జారిన రాళ్లు మృగశిరకు ముందే పేర్చాలి. ఓపెన్ జిమ్ బోల్టులకు గ్రీజు పెట్టాలి. ఈ పనులకు ఎవరు మనిషి, నెలకు ఎంత అన్నది టెండర్‌లోనే కనీసం మూడేళ్లకు రాయించుకోవాలి. తర్వాత అడిగితే ఇరిగేషన్ వాళ్లు మున్సిపాలిటీని, మున్సిపాలిటీ వాళ్లు ఇరిగేషన్‌ను చూపిస్తారు. నిజానికి ఇద్దరికీ వాటా ఉంది: కట్ట, తూము, అలుగు వాళ్లవి, ట్రాక్, లైట్లు, చెట్లు వీళ్లవి. ఆ పంపకం కాగితం మీద సంతకాలతో ఉన్న చోట ట్రాక్ అయిదో ఏడు కూడా బాగానే నడుస్తోంది.