ఎక్స్ఎల్ఆర్ పెడితేనే మంచి సౌండా? బ్యాలెన్స్‌డ్ కనెక్షన్ల మీద అపోహలు - వాస్తవాలు

హన్మకొండ, కాజీపేట దిక్కు ఇండ్లల్ల మ్యూజిక్ సిస్టమ్‌లు ఫిట్ చేసుడు నా పని. ఈ మధ్య ఎవరింటికి పోయినా "అన్నా, ఎక్స్ఎల్ఆర్ ఉన్న యాంపే తీస్కోవాల్నా" అని అడుగుతున్నరు, దానికోసం వేలకు వేలు ఎక్కువ పెడుతున్నరు, అందుకే రాస్తున్న. ఎక్స్ఎల్ఆర్ అంటే మూడు పిన్నుల గుండ్రటి కనెక్టర్, దాంట్ల సిగ్నల్‌కు రెండు తీగెలు, గ్రౌండ్‌కు ఒకటి ఉంటయ్, ఇదే బ్యాలెన్స్‌డ్ కనెక్షన్. ఆర్‌సీఏ అంటే ఒకటే పిన్ను ఉండే మామూలు ఆడియో కనెక్టర్.

అపోహ: ఎక్స్ఎల్ఆర్ పెడితే సౌండ్ క్వాలిటీ పెరుగుతది.

వాస్తవం: చానాసార్లు పెరిగేది వాల్యూమ్. మామూలుగ డాక్‌ల (డిజిటల్ పాటను యాంప్‌కు పోయే సిగ్నల్‌గ మార్చే డబ్బా) ఆర్‌సీఏ మీద 2 వోల్టులొస్తే ఎక్స్ఎల్ఆర్ మీద 4 వస్తయ్, అంటే 6 డీబీ ఎక్కువ, జర గట్టిగ వినబడ్డదే మన చెవికి మంచిగ అనిపిస్తది. నిజంగ తేడా తెల్వాలంటే 100 హెర్ట్జ్ టోన్ పెట్టి స్పీకర్ టెర్మినల్స్ కాడ మల్టీమీటర్‌తోటి ఏసీ వోల్టేజ్ చూసి, రెండు కనెక్షన్లకు ఒక్కటే రీడింగ్ వచ్చేటట్టు వాల్యూమ్ సెట్ చేసి అప్పుడు పాట వినుండ్రి. ఒక మీటర్ కేబుల్ కాడ చానా ఇండ్లల్ల తేడా దొరకదు.

అపోహ: రెండో తీగెల సిగ్నల్ ఉల్టా వస్తది కాబట్టే నాయిస్ పోతది.

వాస్తవం: ఇది యూట్యూబ్ వీడియోలల్ల కూడా చెప్తరు గని అసలు సంగతి ఇంపిడెన్స్, అంటే ఏసీ సిగ్నల్‌కు పడే అడ్డం. రెండు తీగెలకు గ్రౌండ్‌కు నడుమ ఇంపిడెన్స్ సమానంగ ఉంటే బయటి నాయిస్ రెండిట్ల ఒక్క తీరుగ పడ్తది, యాంప్ ఇన్‌పుట్ రెండిటి నడుమ తేడానే తీస్కుంటది కాబట్టి ఆ నాయిస్ కొట్టుకపోతది. మూడో పిన్ను మీద సిగ్నల్ లేకున్నా సరే, ఇంపిడెన్స్ సమానం చేస్తే పని అయితది.

ఆర్‌సీఏల అట్ల కాదు, షీల్డే (తీగె సుట్టూ ఉండే లోహపు జాలి) గ్రౌండ్, సిగ్నల్ వాపస్ వచ్చే తొవ్వ కూడా అదే. షీల్డు రెసిస్టెన్స్ 0.05 ఓమ్ అనుకోండ్రి, దాంట్ల 10 మిల్లీయాంప్‌ల కరెంట్ తిరిగితే 500 మైక్రోవోల్టుల హమ్ సిగ్నల్ల కలుస్తది, యాంప్ దాన్ని 20 రెట్లు పెంచితే స్పీకర్ కాడ 10 మిల్లీవోల్టులు, రాత్రిపూట సప్పుడు లేనప్పుడు గుయ్యిమని వినబడ్తది.

అపోహ: హమ్ వస్తుందంటే కేబుల్ చీప్‌ది.

వాస్తవం: నయీంనగర్‌ల ఒకరింట్ల రెండుసార్లు ఆర్‌సీఏ కేబుల్ మార్చిండ్రు, హమ్ అట్లనే ఉన్నది. సెట్‌టాప్ బాక్స్‌కు వచ్చే కేబుల్ టీవీ వైరు పీకంగనే టక్కున ఆగింది! ఆ వైరు ఎర్త్ వేరే, ఇంటి ఎర్త్ వేరే, రెండు యాంప్ కాడ కలిసినయ్, అందుకే షీల్డుల కరెంట్ తిరిగి హమ్ వచ్చింది. కేబుల్ లైన్‌ల ఒక ఐసోలేటర్ (ఎర్త్‌లను విడదీసి సిగ్నల్‌నే పోనిచ్చే డబ్బీ) పెడితే అయిపోయింది.

అపోహ: వెనుక ఎక్స్ఎల్ఆర్ సాకెట్ ఉంటే లోపల అంతా బ్యాలెన్స్‌డే.

వాస్తవం: చానా యాంప్‌లల్ల ఇన్‌పుట్ కాడనే సింగిల్ ఎండెడ్‌కు, అంటే ఆర్‌సీఏ లెక్క ఒకటే తీగె సిగ్నల్‌కు, మారుస్తరు. అందుల తప్పేం లేదు, హమ్ కట్ అయ్యేది అక్కడనే. ఆర్‌సీఏ అవుట్‌పుట్‌కు ఎక్స్ఎల్ఆర్ అడాప్టర్ తగిలించుడుతోని మాత్రం అది బ్యాలెన్స్‌డ్ కాదు. హాల్‌ల ఆ మూలకు యాక్టివ్ (లోపల్నే యాంప్ ఉండే) స్పీకర్లో సబ్‌ఊఫరో పెట్టి 5, 10 మీటర్లు వైరు గుంజాల్సొస్తే ఎక్స్ఎల్ఆర్ తప్పకుండ తీస్కోండ్రి, అక్కడ పైసలు దండుగ కావు.

అపోహ: త్రీపిన్ ప్లగ్గుల ఎర్త్ పిన్ను తీసేస్తే హమ్ పోతది.

వాస్తవం: పోవచ్చు, కానీ లోపల ఇన్సులేషన్ ఫెయిలైతే యాంప్ బాడీకే 230 వోల్టులొస్తయ్, పిల్లలు ముట్టుకునే నాబ్ అది. ముందు అన్ని బాక్సులు ఒకటే బోర్డు మీద పెట్టి చూడుండ్రి, అయినా తగ్గకపోతే ఆర్‌సీఏ లైన్‌ల ఆడియో ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టించుకోండ్రి, ఎర్త్ పిన్ను జోలికి మాత్రం పోకుండ్రి.